మెట్ల మలుపులో గరుకు అద్దం

మా రత్తయ్య మామయ్య పెనుగంచిప్రోలులో డాబా కట్టిన ఏడాది, అంటే డెబ్బై తొమ్మిదిలో, పుష్పవతి అత్తయ్య ఆయన్ని అడిగింది ఒక్కటే. మెట్ల మలుపులో పెట్టే పెద్ద కిటికీకి నిలువు చువ్వలు, మామూలు అద్దం చాలని. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. అక్కడ నిలబడితే మునేరు, అవతలి గట్టు మీద సుబ్బమ్మ వాళ్ల మిరప కల్లం కనిపిస్తాయి.

సుబ్బమ్మ అత్తయ్యకు అక్క. తల్లి పోతే చంకనేసుకుని పెంచింది. ఏటి ఒడ్డున ఆయిలింజను దగ్గర తోడల్లుళ్లిద్దరూ మాటామాటా అనుకుని రాకపోకలు మానేశారు. ఇంజను తిరగాలంటే డీజిలు పొయ్యాలి. మగాళ్ల పట్టుదలకు అదీ అక్కర్లేదు. డాబా ఎక్కి అక్కను చూసుకుందామంటే ఊరంతా చూస్తుందని అత్తయ్య బెంగ.

"మెట్లెక్కే ఆడవాళ్లు వీధికి కనపడాలా?" అన్నాడు మామయ్య. జగ్గయ్యపేట వెళ్లి, డిజైన్ల పుస్తకం తిరగేసి, ఉదయించే సూర్యుడి గ్రిల్లు చేయించాడు. సూర్యుడి మధ్యలో తన పేరు మొదటి అక్షరం పెట్టించాడు. ఆ రోజుల్లో మా వైపు నాలుగు డబ్బులు చేరిన ప్రతి ఇంటికీ ఒక ఇనుప సూర్యుడు పొడవాల్సిందే. అద్దం మాత్రం గరుకుది తెచ్చాడు. వెలుగొస్తుంది, మనిషి కనపడడు.

"గరుకు ఎటు పెట్టమంటారండీ?" అని అడిగాడు వడ్రంగి జీవరత్నం.

"లోపలికి పెట్టు. నునుపు వీధికి మెరవాలి. డబ్బు పోసింది అందుకేగా."

ఆ కిటికీకి తెరిచే రెక్కల్లేవు. గృహప్రవేశం నాడు అత్తయ్య దాని ముందు నిలబడి అద్దాన్ని అరచేత్తో తడిమింది. వాళ్లింట్లో ఉండి చదువుకునే నేను ఆమె వెనకే మెట్ల మీద ఉన్నాను.

తర్వాత అత్తయ్య సున్నం మరకలు తుడుస్తుండగా బయటపడింది సంగతి. గరుకు మీద తడిగుడ్డ తగిలినంత మేరా అద్దం తేటపడింది. సూర్యుడి కిరణాల సందుల్లోంచి ఏరు, ఇసుక, ఎర్రటి కల్లం, కాయలు తిరగేస్తున్న ఒక మనిషి. ఆ వంగిన తీరు అక్కదే. తడి ఆరగానే మళ్లీ అంతా తెలుపు.

అప్పట్నుంచి మిరపకాయలు ఎండే రోజుల్లో, మధ్యాహ్నం ఎంగిళ్లెత్తాక, అత్తయ్య చెంబూ గుడ్డా పట్టుకుని మెట్లెక్కేది. "మా ఇంట్లో అద్దం మీద దుమ్ము వాలనివ్వదు" అని మామయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. నేను నవ్వాపుకోలేక గొడ్ల సావిట్లోకి పోయేదాన్ని. అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ దిగిన రోజుల్లో మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఎనభై మూడు వేసవిలో కల్లం ఎర్రగా పరిచే ఉంది, సుబ్బమ్మ లేదు. మర్నాడూ లేదు. ఆ పైన ఎవరో కూలిమనిషి కాయలు తిరగేస్తోంది. అత్తయ్య తడిగుడ్డతోనే కిందికి దిగొచ్చింది.

"మా అక్క కల్లంలోకి రావట్లేదు. నేను ఏరు దాటి వెళ్తున్నా."

"నీకెవరు చెప్పారు?"

"మీరు తెచ్చిన అద్దమే చెప్పింది."

మామయ్య తలెత్తి మెట్ల మలుపుకేసి చూశాడు. తర్వాత నన్ను తోడు వెళ్లమన్నాడు.

సుబ్బమ్మ జారిపడి తుంటి విరిగి మంచం పట్టింది. ఆ మంచాన్ని వసారాలో ఏటికేసి వేయించుకుంది. పక్కన కూలబడి ఏడుస్తున్న చెల్లెలి తల నిమిరింది.

"నీ కిటికీని రోజూ చూస్తానే ఉన్నానే. తెల్లగా ఉండేది కాస్తా మధ్యాన్నం ఒకచోట నల్లబడేది. మా పుష్ప వచ్చిందిలే అనుకుని, ఎండిన కాయలైనా మళ్లీ తిరగేసేదాన్ని."

ఆ వేసవంతా అత్తయ్య ఇసుకలో నడిచి వెళ్లొస్తూనే ఉంది. వానలకు మునేరు పొంగి దారి మూసుకుపోయింది. మామయ్యకు మనసు కరిగినట్టుంది. ఎవరూ అడక్కుండానే జగ్గయ్యపేట వెళ్లి మామూలు అద్దం తెచ్చి, జీవరత్నాన్ని పిలిపించాడు.

అత్తయ్య కిటికీకి అడ్డం నిలబడింది.

"అప్పట్లో నువ్వడిగిన అద్దమేగా," అన్నాడు మామయ్య.

"అదైతే నాకు అక్క కనపడిద్ది," అంది అత్తయ్య. "నేను చూస్తున్నట్టు అక్కకెట్టా తెలిసిద్ది?"

గుడ్డ చెంబులో ముంచి, అద్దం తుడవడం మొదలుపెట్టింది.