కయాక్‌లో రెండు నీళ్ల క్యాన్లు

నీళ్ల మీదికి పోతూ తాగడానికి ఇరవై లీటర్లు మోసుకుపోయిన దాన్ని నేను. మా ధర్మవరం వీధిలో ట్యాంకర్ వెనక పరుగెత్తి పెరిగిన వాళ్లయితే నన్ను చూసి నవ్వరు.

పుట్టి పెరిగింది ఇంట్లో మగ్గం పెట్టగా మిగిలిన చోట్లో. ఇప్పుడు హిందూపురంలో ల్యాబు ఉద్యోగం, హాస్టల్ గదిలో నాతో కలిపి నలుగురం. ఒక్క రాత్రయినా ఎవరి కాళ్లూ తగలకుండా, ఎవరి ఫోనూ మోగకుండా నా అంతట నేను ఉండాలని ఎన్నేళ్లుగానో కోరిక. అందుకే గాలి నింపుకునే కయాక్, ఒక్కరే తెడ్డు వేసుకుపోయే సన్నటి పడవ, కొన్నాను. పెనుకొండ దగ్గరి రిజర్వాయరులో ఒడ్డు వెంబడే ఆదివారాలు నేర్చుకున్నాను. అవతలి గట్టున మా చిన్నమ్మ వాళ్ల శెనక్కాయ చేను ఉంది. అక్కడ టెంటు వేసుకుని ఒక రాత్రి ఉంటానని అమ్మకు చెప్పాను.

అమ్మ వద్దనలేదు. ఒక షరతు పెట్టింది.

"పొద్దు మునిగేలోపల ఆ గట్టు చేరి ఫోన్ చేయాల. చేరలేదనుకో, ఇంక ఎప్పుడూ ఒక్కదాన్నే పోతాననే మాట ఎత్తగూడదు."

సరేనన్నాను. మా అమ్మ మాట అంటే మాటే, అందులో బేరాల్లేవు.

బయల్దేరే రోజు ఆమె ధర్మవరం నుంచి బస్సులో వచ్చింది, చేతుల్లో రెండు పది లీటర్ల క్యాన్లతో. రెండు బాటిళ్లు చాలమ్మా, ఒక్క రాత్రికే కదా అన్నాను. చెవిన పెట్టలేదు. నాకు ఒళ్లు మండింది. అయినా రెండింటినీ నా సీటు వెనక కట్టుకుని తెడ్డు వేశాను. అమ్మ ఇవతలి ఊళ్లో ఉన్న చిన్నమ్మ ఇంటికి కూడా పోకుండా ఈ గట్టు మీదే కూర్చుంది.

సగం దూరం పోయాక ఎదురుగాలి లేచింది. వెనక బరువుకు కయాక్ ముక్కు పైకి లేచి ఉంది, గాలి తగిలినప్పుడల్లా పక్కకు తిరిగిపోతోంది. తిప్పుకోవడం, రెండుసార్లు తెడ్డు వేయడం, మళ్లీ తిరిగిపోవడం. భుజాలు పడిపోయాయి. పొద్దు వాలుతోంది. భయమేసింది. మునిగిపోతానని కాదు, ఈ ఒక్క రాత్రి కూడా నాకు దక్కదేమోనని.

బరువు తగ్గించాలి. వెనక్కి తిరిగి ఒక క్యాన్ మూత విప్పాను. వంచలేకపోయాను. చుట్టూ అన్ని నీళ్లున్నా, తాగే నీళ్లు పారబోయడానికి నా చెయ్యి రాలేదు.

అప్పుడు అమ్మే గుర్తొచ్చింది. ఎండాకాలం నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని వచ్చేది. బరువు ఒకవైపు లాగితే నిలబడి, చంకలో బిందె ఇటు నుంచి అటు మార్చుకుని మళ్లీ నడిచేది. బరువెక్కువైందని ఏనాడూ ఒక చెంబెడు ఒంపేయలేదు.

మూత బిగించాను. తాడు విప్పి, క్యాన్లు ఒక్కొక్కటే లాగి నా కాళ్ల ముందుకు నెట్టాను. ముక్కు నీళ్లకు ఆనింది. తెడ్డు వేస్తే కయాక్ నేరుగా పోయింది. ఆ నీళ్ల నడుమ నేను గట్టిగా నవ్వాను. మా అమ్మ ఎంత గట్టిదో అంతకుముందు నాకు ఇంత బాగా అర్థం కాలేదు.

గట్టు ఎక్కి ఫోన్ చేసేసరికి ఇంకా వెలుతురుంది. చేరినానమ్మా అంటే తాగేదానికి నీళ్లు ఉండాయా అని అడిగింది. ఆ రాత్రి ఆమె కట్టిచ్చిన చిత్రాన్నం తిని, టెంటులో కాళ్లు బారజాపుకుని పడుకున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పొద్దున తిరిగొచ్చేసరికి అమ్మ అదే చోట నిలబడి ఉంది. నా మొహం కన్నా ముందు క్యాన్లు చూసింది. ఒకటి మూత కూడా తీయకుండా ఉందే, తాగలేదా అంది. ఆ బరువు ముందు పెట్టుకుంటేనే కయాక్ తిన్నగా పోయిందని, లేకపోతే చేరేదాన్ని కాదని చెప్పాను.

అమ్మ క్యాన్లు రెండూ తీసి గట్టు మీద పెట్టింది. చీర కుచ్చిళ్లు ఎగ్గట్టుకుంది. నా లైఫ్ జాకెట్టు అడిగి తొడుక్కుంది.

"అట్లయితే ఆ చోట నేను కూర్చుంటా. దీన్ని గట్టిగా పట్టుకో, పాపా."

మోకాటి లోతు దాటకుండా ఒడ్డు వెంబడే తిప్పాను. గాలి వీస్తూనే ఉంది, కయాక్ అటూ ఇటూ పోలేదు.