గోడ ఎముకల్లో సున్నం

ఆ వీధిలో ఆవిణ్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. సిమెంటక్క అంటేనే తెలుస్తుంది. ఆమె తాపీ పట్టిందంటే గోడ అద్దంలా తేలాల్సిందే. ఆ సంగతి లోకం చెప్పేదాకా ఆగే రకం కాదు, తానే చెప్పేస్తుంది. "నేను పూసిన గోడ నాకంటే ఎక్కువ కాలం బతుకుతుంది, రాసిపెట్టుకోండి!" అన్నది ఆమె ఊతపదం.

వీధి చివరి పాత పోస్టాఫీసు ఏళ్ల తరబడి పాడుబడి ఉంది. దాన్ని పసిపిల్లల గదిగా మార్చాలని వీధివాళ్లంతా పూనుకున్నారు. పనికెళ్లే తల్లులు పిల్లల్ని ఎక్కడ వదలాలో తెలియక నానా అగచాట్లూ పడుతున్నారు మరి. సిమెంటక్క కూతురైతే చంటిదాని కోసం ఉద్యోగమే మానుకుంది. మునిసిపాలిటీ ఆఫీసరు తాళంచెవి ఇస్తూ, చలికాలానికల్లా గది పిల్లలు ఉండేలా తయారవకపోతే కట్టడాన్ని పడగొట్టేస్తామని తేల్చి చెప్పాడు.

స్టాంపులమ్మిన కిటికీలో బొమ్మలు కూర్చున్నాయి. ఉత్తరాల గూళ్లు బుల్లి చెప్పులకు అచ్చంగా సరిపోయాయి. దర్జీ బాబాయి పరుపులు కుట్టాడు. గోడలు సిమెంటక్క వంతు.

"పాత గోడకి సున్నమే పూయాలే" అని ఆమె అత్తగారు ముందే అంది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు సున్నం రుబ్బి బతికిన మనిషి.

"మీ కాలం పోయిందత్తయ్యా" అని కోడలు నవ్వేసి, సిమెంటు పూసి పారేసింది. చూసినవాళ్లు ఔరా అన్నారు. వానలు మొదలయ్యాక గోడకి చెమటలు పట్టాయి. పూత ఉబ్బింది, గదంతా ముక్కిన వాసన. పౌరుషానికి పోయి మరింత మందంగా పూసింది. అదీ ఉబ్బింది.

"అమ్మాయ్, ఇందులో పడుకుంటే పిల్లలకి దగ్గు పట్టుకుంటుంది" అన్నాడు దర్జీ బాబాయి మెల్లగా.

ఆ మాట ఆమెకి గుండెలో గుచ్చుకుంది. ముందుగా పడుకోబోయేది తన మనవరాలే. నామోషీ దిగమింగి అత్తగారి మంచం పక్కన చతికిలబడింది.

"అత్తయ్యా, గోడ ఏడుస్తోంది."

"ఏడవదూ? ముక్కూ నోరూ మూసేశావు, లోపలి తడి ఎటు పోవాలి? పాత గోడ ఎముకల్లో ఉండేది సున్నం. అది తెలియకుండా పూసినదాన్ని ఎముకల్లో సున్నం లేకుండా తన్నాలి!"

"తన్నండి. ముందు ఎలా పూయాలో చెప్పి తన్నండి."

మర్నాడు వీధంతా చూస్తుండగా సిమెంటక్క సుత్తి పట్టుకుంది. "తప్పు పూసింది నేనే, రాలగొట్టేదీ నేనే" అని మొదటి దెబ్బ వేసింది. సిగ్గుగానే ఉంది, అయినా పూతంతా రాలేదాకా సుత్తి దించలేదు. సున్నం నానబెట్టారు. వీధివాళ్లు వంతులేసుకుని ఇసుక జల్లించారు. అత్తగారు కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చుంది.

"మందంగా కొట్టకు! అత్త కోడల్ని సాధించినట్టు, ఇవాళ కాస్త, రేపు కాస్త పూయాలి."

"ఆ పద్ధతి నాకు బాగా తెలుసులెండి" అంది కోడలు. అందరూ గొల్లుమన్నారు.

చలి మొదలవుతుండగా ఆఫీసరు వచ్చి, గోడకి అరచెయ్యి ఆనించి చూశాడు. పొడిగా ఉంది.

"ఎవరు పూశారిది?"

అందరూ ఊతపదం కోసం ఎదురుచూశారు.

"నోరు మా అత్తయ్యది, చెయ్యి నాది" అంది సిమెంటక్క.

ఆఫీసరు తాళంచెవి వెనక్కి అడగలేదు. మర్నాడు కూతురు చంటిదాన్ని ఆ గదిలో పడుకోబెట్టి పనికెళ్లింది. అది గోడ వైపు ఒత్తిగిలి హాయిగా నిద్రపోయింది. అత్తగారు ఆ గోడని ఓసారి తడిమి, కోడలి వైపు తిరిగింది.

"ఇది నీకంటే ఎక్కువ కాలం బతుకుతుందే. ఇప్పుడు రాసిపెట్టుకో."