బ్రేకు పడకపోవడం ఎవరి పాపం

2022లో నేను ఖమ్మంలో వినియోగదారుల కేసులు వాదిస్తున్నాను. పినపాక నుంచి యాకోబు అనే బొగ్గుగని కార్మికుడు వచ్చాడు. మా ఇద్దరిదీ ఒకే విశ్వాసం. "వందనాలు సార్" అంటూ కూర్చున్నాడు. కొత్త కారు కొన్న నెలలోపే ములకలపల్లి దారిలో, పల్లంలో బ్రేకు పడలేదు. కారు టేకుచెట్టును గుద్దింది. భార్య మేరికి చెయ్యి విరిగింది. నడపడం రాక గుద్దారని షోరూమువాళ్లు చేతులు దులుపుకున్నారు.

తయారీ నుంచే ఉన్న లోపాన్ని మాన్యుఫ్యాక్చరింగ్ డిఫెక్ట్ అంటాం. అది రుజువైతే కారు మార్చివ్వమనో, సొమ్ము వాపసు చేయమనో వినియోగదారుల కమిషన్ ఆదేశించవచ్చు. కేసు వేశాం.

విచారణ రోజు షోరూము వకీలు ఫోనులో వీడియో పెట్టాడు. మందిరంలో మైకు పట్టుకుని యాకోబు ఏడుస్తున్నాడు: "తప్పు నాదే. నా వల్లనే బ్రేకు పడలే. మేరి చెయ్యి ఇరగ్గొట్టింది నేనే."

ప్రమాదం తర్వాత చర్చిలో, సంఘం ముందు చెప్పుకున్న సాక్ష్యం అది. ఎవరో యూట్యూబులో పెట్టారు. కక్షిదారు తనకు వ్యతిరేకంగా తానే ఒప్పుకుంటే దాన్ని అడ్మిషన్ అంటారు. కేసు అక్కడే కూలిపోవచ్చు.

"ఏందన్నా ఇది?" అని మెల్లగా అడిగాను.

"నిజమే గద సార్. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి కారు డెలివరీకి పోయిన. దేవుడు ఊకుంటడా?"

వీడియో మొత్తం వేయమని కోరాను. ఆదివారం సంగతి అందులోనే ఉంది, ఆయన చెప్పిన తప్పు నడపడంలోది కాదని తేలింది. లోపం కంటికి కనబడనప్పుడు పరీక్షకు పంపమని అడిగే వీలు చట్టంలో ఉంది, అదీ అడిగాను. పెడల్ మీద కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్ తయారీలోనే చెడిందని రిపోర్ట్ వచ్చింది. కొత్త కారు ఇవ్వాలని తీర్పయింది.

బయటికొచ్చినా యాకోబు ముఖంలో సంతోషం లేదు.

"గట్లయితే మేరి చెయ్యి నా పాపానికి ఇరగలేదా సార్?"

"గోపురం కూలి చచ్చినవాళ్లు మిగతావాళ్లకన్నా పాపులు కారని బైబిల్లో ప్రభువే అన్నాడు కదన్నా."

యాకోబు మెట్టు మీద కూర్చున్నాడు. "గప్పటి సంది మేరి మొకం సూడలే, మాట్లాడలే సార్."

గెలిచిన కేసులో అంత పెద్ద దెబ్బ నాకు ఎప్పుడూ తగల్లేదు.

మేరి పక్కనే నిలబడి ఉంది. "నాకు చెయ్యి ఇరిగింది, నీకు నోరు పడిపోయింది. దానికి గూడ నష్టపరిహారం అడగాల్సింది సారు," అంది.

ఇప్పుడు మా సంఘంలో ఎవరైనా కొత్త బండిని ప్రార్థనకు తెస్తే, ఆమెన్ అయ్యాక నేనొక మాట చెబుతాను. బండి మొరాయిస్తే ముందు షోరూములో ఫిర్యాదును, బండి రిపేరుకు తీసుకునేటప్పుడు వాళ్లు రాసే జాబ్ కార్డ్ మీద రాయించండి. పాపం సంగతి దేవుడు చూసుకుంటాడు. బ్రేకు సంగతి కంపెనీ చూడాలి.