తోట కాపలా, పరగడుపు షుగర్

మా వైపు ఎండాకాలంలో ఎవరికి షుగర్ పెరిగినా నేరం మామిడిపండుదే. డాక్టరు దాకా పోనక్కర్లేదు, అరుగు మీదే తీర్పు చెప్పేస్తారు. ఆ ఏడు మా ఆయన మీద ఆ తీర్పు నేనే చెప్పాను.

ఆయన కాలి చిటికెన వేలికి చెప్పు ఒరుసుకుని పుండు పడింది. షుగర్ దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందన్నారు నూజివీడులో డాక్టరుగారు. అన్నం తగ్గించాను. మాత్రలు చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడ్డాను. అయినా రోజూ పొద్దున్నే పరగడుపున చూస్తే మిషన్‌లో అంకె పెరుగుతూనే ఉంది.

ఆ ఏడు మా మామిడితోట ఎవరికీ గుత్తకివ్వలేదు. కాయ కోసేదాకా రాత్రుళ్లు ఆయనే కాపలా. తెల్లారి ఇంటికొచ్చేసరికి తువ్వాలు నిండా సొన మరకలు, ఒళ్లంతా చిన్న రసాల వాసన. నేను చూడగానే కళ్లూ మూతీ తుడుచుకునేవారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే అనిపించింది నాకు.

"ఎన్ని తిన్నారేంటి రాత్రి?"

"రాలిన కాయలు ఏరానే. ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు."

"మరి ఆ అంకె ఊరికే పెరుగుతుందా?"

ఆ రాలిన కాయలు మగ్గేసిన గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకున్నాను. ఒకరోజు మా ఆడపడుచు ఎదుటే తలుపు తీసి పళ్లు లెక్కపెట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మళ్లీ డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు నా ఫిర్యాదంతా ఏకరువు పెట్టాను. డాక్టరుగారు మా ఆయన కళ్లలోకి చూసి, "రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారండీ?" అని అడిగారు.

"కాపలా కదండీ. తెల్లారగట్ట ఓ కునుకు తీస్తే తీసినట్టు, పగలంతా పనులతోనే సరిపోతుంది. నెల్రోజులుగా అంతే."

డాక్టరుగారు నావైపు తిరిగారు. "నిద్ర చాలకపోతే ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదమ్మా. నోరు కట్టుకున్నా షుగర్ పెరుగుతుంది. పుండూ మానదు. మందు మారుస్తాను, మీరు ముందు ఆయన్ని పడుకోనివ్వండి."

ఆ రోజే మా తమ్ముణ్ని కాపలాకు పంపాను. మా ఆయన ఇంట్లో ఒళ్లెరగకుండా నిద్రపోయారు. వారం తిరిగేసరికి అంకె దిగడం మొదలైంది. పుండు మాత్రం అప్పటికే ఎముక దాకా పోయింది.

వేలు తీసేసిన మర్నాడు ఆస్పత్రిలో ఆయన మంచం పక్కన కూర్చున్నాను. నెల్రోజులు రోజూ పొద్దున్నే ఆయన్ని చూశాను కదా, నాకు తువ్వాలు మీద మరకలు కనపడ్డాయి గానీ, ఎర్రబడ్డ ఆ కళ్లు కనపడలేదు. నొప్పిగా ఉందా అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఇప్పుడైనా నమ్ముతావా, నేను తినలేదని?" అన్నారు.