ఉప్పు చాలదని చెప్పిన వాసన

దేవుణ్ణి నమ్ముతాను గానీ దయ్యాలనూ వింతలనూ నేనెప్పుడూ నమ్మలేదు. ఎవరైనా అలాంటివి చెబితే, పాపం దేనికో భయపడ్డారనుకుని ఊరుకునేదాన్ని. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

మేము ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రా ఊళ్లో హారిసన్ అనే పేటలో ఉంటాం. గొంతు క్యాన్సర్ వచ్చి, నిరుడు ఆపరేషన్‌లో నా స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి. ముక్కులోకి గాలి వెళ్లదు కనుక వాసన కూడా పోయింది. ప్రాణం నిలిచింది, అదే చాలని రోజూ దణ్ణం పెట్టుకున్నాను. కానీ వంటింట్లోకి వెళితే ఏడుపొచ్చేది.

నేను బడికి వెళ్లలేదు. చదువూ వంటా అమ్మే ఇంట్లో నేర్పింది. నైవేద్యం రుచి చూడకూడదు, వంగి వాసన పీల్చకూడదు. దానంతట అది పైకొచ్చే ఆవిరిని బట్టే ఉప్పు సరిపోయిందో లేదో తెలుసుకోవాలనేది. నలభై ఏళ్లు అలాగే వండాను. ఆపరేషన్ తర్వాత, ప్రతి శనివారం నైవేద్యానికి చేసే పొంగలి ఒకసారి చప్పగా, ఒకసారి ఉప్పు కషాయంగా వచ్చేది. మావారు వంక పెట్టకుండా తినేవారు. స్వామికి వండిపెట్టే భాగ్యం పోయినట్టేనని దిగులు పట్టుకుంది.

వాసన తెప్పించే అభ్యాసం ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు కీర్తన నేర్పింది. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. పెదవులు మూసుకుని, నలుగురిలో ఆవులింత దాచుకున్నట్టు దవడ కిందికి దించితే ముక్కులోకి కాస్త గాలి వస్తుంది. ఆ పిల్ల ఓర్పు గురించి ఎంత చెప్పినా తక్కువే. నేను చేసిన ప్రతిసారీ నాతోపాటు తనూ దవడ దించేది. నెలలు గడిచినా నాకేమీ తెలియలేదు.

"ఆంటీ, ఇంట్లో దేంతో ప్రాక్టీస్ చేస్తున్నారు?" అని అడిగింది.

పలక మీద రాశాను: నైవేద్యం పెట్టాక, ప్రసాదంతో.

"అయ్యో, అప్పటికి అది కోల్డ్ కదా ఆంటీ! స్టవ్ మీద హాట్‌గా ఉన్నప్పుడు ట్రై చేయండి."

"స్వామి ఆరగించకముందు ఈవిడ ముక్కు పెట్టదమ్మా," అన్నారు నాతో వచ్చిన మావారు. ముగ్గురం నవ్వాం. నా నవ్వుకు శబ్దం లేదు.

అప్పట్నుంచి వేడి కాఫీతో చేశాను. అయినా ఏమీ లేదు.

ఒక శనివారం ఉదయం బియ్యం, పెసరపప్పు కడిగి, నీళ్లు పోసి, ఉప్పు వేశాను. స్టవ్ ఇంకా ఆన్ చేయలేదు. దవడ కదపలేదు. అప్పుడు పొంగలి వాసన వచ్చింది. నేతిలో వేగిన మిరియాలు, జీలకర్ర, ఇంగువ, మెత్తగా ఉడికిన పప్పు. వాటి అడుగున, అమ్మ నేర్పిన ఆ గుర్తు: ఉప్పు చాలదు.

గిన్నె ముట్టుకుని చూశాను. చల్లగా ఉంది. నెయ్యి సీసా మూతైనా తీయలేదు. ఇంకో చెంచా ఉప్పు వేశాను.

ప్రసాదం నోట్లో పెట్టుకుని మావారు నా వంక చూశారు. "ఉప్పు ఇంత బాగా ఎలా కుదిరిందే?" అన్నారు. బీపీకని ఉప్పదనం తక్కువుండే ఉప్పు తెచ్చి, ముందు రోజే డబ్బాలో పోశారట. నాకు చెప్పడం మరిచిపోయారు. చూడ్డానికి రెండూ ఒకటే.

ఆ సాయంత్రం దవడ దించితే కాఫీ వాసన సన్నగా తెలిసింది. సోమవారం కీర్తన నా కళ్లు మూయించి ముక్కు దగ్గర లవంగాలు పట్టుకుంది. నేను దవడ దించి, పలక మీద వాటి పేరు రాయగానే ఆ పిల్లే ఏడ్చేసింది. శనివారం సంగతి రాసి చూపిస్తే, "బ్రెయిన్‌కి పాత స్మెల్స్ గుర్తుంటాయి ఆంటీ," అంది. కావచ్చు. కానీ డబ్బాలో ఉప్పు మారిందని నా మెదడుకెవరు చెప్పారు?

ఇప్పుడు పొయ్యి దగ్గర స్వామిని ముందే క్షమించమని అడిగి, దవడ దించి, ఉప్పు సరిచూసుకుంటున్నాను. ఏమీ చేయకుండా వచ్చిన ఆ వాసన మాత్రం మళ్లీ రాలేదు. ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.