ఊక మీద ఒక ప్రశ్న

2005లో నేను తాడేపల్లిగూడెంలో ఏ.డి.ఈ.ని, అంటే విద్యుత్ శాఖలో కొందరు సెక్షన్ ఇంజనీర్ల మీద అధికారిని. గణపవరం దగ్గర ఊకతో కరెంటు తీసే ప్లాంటు ఒకటి కడుతున్నారు. దాని లైను మా సబ్‌స్టేషన్‌కు కలపాలి. ఆ పనితో పాటు, ప్లాంటువాళ్లు ఊళ్లో పెట్టే సభకు వెళ్లి మినిట్స్ రాసే పని కూడా మా పై అధికారి డి.ఈ. గారు నాకే అంటగట్టారు.

సభ ఎందుకంటే, బొగ్గుకు బదులు ఊక కాల్చినందువల్ల గాలిలో కలవకుండా మిగిలిన కార్బన్‌కు విదేశాల్లో టన్నుకింతని ధర కడతారట. ఆ సొమ్ము రావాలంటే ముందు ఊరివాళ్లను అడిగి, వాళ్లేమన్నారో రాసి పంపాలి. రాని పొగకు డబ్బేమిటని నాకు భలే వింతగా ఉండేది. ఆ కుతూహలంతో కాగితాలు తెప్పించుకుని చదివాను. నిజం చెప్పొద్దూ, సగమే చదివాను.

మాకో అలవాటు ఉండేది. మినిట్స్ ముందురోజే టైపు కొట్టించి పట్టుకెళ్లేవాళ్లం. సభలో సంతకాలు పెట్టించడమే మిగిలేది. ఆఖరి వాక్యం ఎప్పుడూ ఒకటే: "అభ్యంతరాలు లేవు."

ఆ రోజు సభలో రెండు పార్టీల నాయకులిద్దరు తగులుకున్నారు. కరెంటు చార్జీలు మీ హయాంలోనే పెరిగాయని ఒకాయన, ఈ ప్లాంటు ఖరీదు కూడా రేపు జనం బిల్లులోనే వేస్తారని ఇంకొకాయన. గంటసేపు అదే గోల. ఊక మాట ఎత్తినవాడు లేడు. నేను సంతకాల కాగితం తిప్పుతున్నాను.

అప్పుడు రైసుమిల్లు గేటు పక్కన టిఫిన్ హోటల్ నడిపే మస్తాన్‌బీ గారు లేచారు.

"ఏవండీ ఇంజనీరు గారూ, మిల్లు ఊకంతా వాళ్లే కొనేస్తే నా పొయ్యిలోకి ఏదండీ? ఇరవై ఏళ్లుగా ఊక పొయ్యి మీదే ఇడ్లీ వేస్తున్నానండీ. వాళ్లు కాలిస్తే డబ్బులిస్తారు, నేను కాలిస్తే ఇవ్వరేంటండీ?"

సభంతా నవ్వింది. ఆ తరువాత సిగ్గేసి, టైపు చేసిన ఆఖరి వాక్యం కొట్టేసి ఆవిడ మాటలు పెన్నుతో రాశాను. నీటుగా ఉన్న కాగితం పాడుచేశానని డి.ఈ. గారు చీవాట్లు పెట్టారు.

ప్లాంటు మొదలైన కొన్నాళ్లకు ఆ కార్బన్ లెక్కలు తనిఖీ చేసే ఆయన చెన్నై నుంచి వచ్చారు. ఆ పెన్ను రాత మీద వేలు పెట్టి, ఈవిడను చూడాలన్నారు. వెళ్లేసరికి హోటల్లో ఊక పొయ్యి మూలన పడి ఉంది. ఊక దొరక్క మస్తాన్‌బీ గారు సరుగుడు కర్రలు కాలుస్తున్నారు. ఇడ్లీ రేటు పెంచారు, గిరాకీ సగం పోయింది. ఆయన రోజుకు ఎన్ని కర్రలు పడతాయో అడిగి రాసుకున్నారు. ఊక ప్లాంటుకు పోతే ఊళ్లోవాళ్లు దాని బదులు ఏం కాలుస్తున్నారో తేల్చి, ఆ మేరకు కంపెనీకి వచ్చే సొమ్ములో కోత పెట్టాలట. నేను చదవని సగంలో ఉన్నది అదే.

కోత మాట వినగానే కంపెనీవాళ్లు దిగొచ్చారు. చిన్న పొయ్యిలకు మిల్లు గేటు దగ్గరే పాత ధరకు ఊక ఇవ్వడానికి ఒప్పుకున్నారు. తరువాతి వారం నేను టిఫిన్‌కు వెళితే మస్తాన్‌బీ గారు ప్లేటు నా ముందు పెట్టి, "ఆ రోజు మీరూ నవ్వారండీ" అన్నారు. నవ్విన మాట నిజమే. కాదనలేదు.

ఒక వస్తువుకు కొత్తగా ధర కట్టేటప్పుడు, అప్పటిదాకా దాన్ని వాడుకుంటున్నది ఎవరో ముందు అడగాలి. ఆ తరువాత రిటైరయ్యేదాకా మినిట్స్ సభ అయ్యాకే రాశాను.