ఓనరమ్మకు పంపిన పుట్టగొడుగుల కూర

ఇన్నేళ్లుగా ఒక గిన్నెడు కూర నా గుండెల మీద కూర్చుని ఉంది. నవ్వకండి. మీతో కాకపోతే ఇంకెవరితో చెప్పుకోను?

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులు. మాది గుంటూరు వైపు. కర్మన్‌ఘాట్‌లో పై వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. కింద ఓనరమ్మ, నల్గొండ మనిషి. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు అని నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, ఊరందరికీ వండి, తనూ తిని వచ్చేది. ఒకరోజు బంద్ వల్ల కూరగాయల్లేవు. వానకు పక్క ఖాళీ ప్లాటులో తెల్లటి పుట్టగొడుగులు మొలిచాయి. చిన్నప్పుడు తిన్నవే కదా, నాకు తెలియదా ఏంటి అనుకుని కోసుకొచ్చాను. ఉడికేటప్పుడు పిల్లాడి వెండి చెంచా వేసి చూశాను. విషమైతే నల్లబడుతుందని మా అమ్మమ్మ చెప్పేది. నల్లబడలేదు.

అయినా అనుమానం. పిల్లాడు తినాలి కదా! అందుకని, ముందు మీకే పిన్నిగారూ అంటూ ఓనరమ్మకు ఒక గిన్నె ఇచ్చి, మా కూర మీద మూత పెట్టి, కింద ఏమవుతుందోనని చెవి ఒగ్గి కూర్చున్నాను. అంత నీచమైన పని అంత శ్రద్ధగా ఎలా చేశాను?

సాయంత్రానికి ఆమెకు ఒకటే వాంతులు. దవాఖానకు వెంట నేనే వెళ్లాను. సెలైన్ ఎక్కిస్తూ ఏం తిన్నావని డాక్టరు ఆమెను అడిగాడు.

"చౌరస్తాల కిచిడీ తిన్న సార్. గీ పిల్ల పుట్టగొడుగుల కూర ఇచ్చింది. గది మంచిగనే ఉండె."

ఆయన నా వైపు తిరిగాడు. "మీరూ తిన్నారా?"

"తిన్నామండీ. మాకేం కాలేదు."

తప్పంతా పాపం కిచిడీ మీద పడింది. ఎందుకలా అన్నాను? ఆంధ్రావాళ్లు విషం పెట్టారంటారని భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, అసలు భయం అది కాదు, మేమెందుకు తినలేదని అడుగుతారని.

మర్నాటికి ఆమె లేచి నన్నే టీ పెట్టమంది. లేవకపోయి ఉంటే? వెండి దేనికీ సాక్ష్యం కాదని, ఎంత ఉడికించినా విషం పోదని, కొన్ని రకాలు రోజంతా ఊరుకుని తర్వాత కాలేయాన్ని పట్టుకుంటాయని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. అంటే ఆమె బాగుందని చూసి నా పిల్లాడికి పెట్టి ఉన్నా ప్రమాదం తప్పేది కాదు.

రాష్ట్రం వచ్చింది, మెట్రో వచ్చింది, మేం అదే ఇంట్లో ఉన్నాం. ఇప్పుడు ఏం వండినా ముందు నేను తిని, ఆగి, అప్పుడు కిందికి పంపుతాను. ఓనరమ్మకు అలక.

"ఆనాడు ముందుగాల నాకే పెడితివి. ఇప్పుడు ఎంగిలి చేసి పంపుతున్నవేంది?"

ఉప్పు చూశాను పిన్నిగారూ అంటాను. ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీకు చెబుతున్నాను. ఆరోజు మేం తినలేదండీ, ఒక్క ముక్క కూడా. అబ్బ, అనేశాను.